తాత కొలకర్రతో మూడు చెరువులు

జనగామలో నా దుకాణానికి రవికె కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు ఈమధ్య కొలతలు ఇవ్వడం మానేసి ముందుగా ఒక్కటే అడుగుతున్నారు. "సరోజనక్కా, చేప దొరికిందా?" అని. దొరికింది అంటే ఒక కథ, దొరకలేదు అంటే ఇంకో కథ. రెండూ నిజమే. అందరికీ విడివిడిగా చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. కాబట్టి ఇక్కడ ఒక్కసారే రాస్తున్నాను.

తాళం పడ్డ చెరువు

మాది లింగాల ఘనపూర్ పక్కన ఒక ఊరు. తరతరాలుగా చేపలు పట్టే ఇల్లు. మా బాపు, అంటే మా నాన్న, చాలాకాలం చేపల సంఘానికి పెద్దమనిషిగా ఉన్నాడు. ఆయన దగ్గర ఒక వెదురు కొలకర్ర ఉంది. పొడుగు జానన్నర. వలలో పడ్డ రవ్వ గానీ బొచ్చె గానీ బంగారు తీగ గానీ ఆ కర్ర కంటే పొట్టిగా ఉంటే మళ్ళీ నీళ్ళలోకి పోవాల్సిందే. సంఘంలో ఎవరికీ మినహాయింపు లేదు. "పిల్లచేపను పట్టినోడు వచ్చే యేటి కూడు ఈ యేడే తిన్నట్టు" అంటాడు బాపు.

ఆ కర్రకు ఇంకో పని కూడా ఉంది. మా ఇంట్లో పిల్లవాడు సొంత గాలంతో కర్రకు మించిన చేప పట్టి తెస్తే బాపు కత్తి తీసి కర్ర మీద వాడి పేరున ఒక గాటు పెడతాడు. బాపుది ఒక గాటు, మా తమ్ముళ్ళిద్దరివి రెండు, వాళ్ళ కొడుకులవి మూడు. మొత్తం ఆరు గాట్లు. ఆడవాళ్ళది ఒక్కటీ లేదు. మా కాలంలో ఆడపిల్లలు గాలం ముట్టేవాళ్ళు కాదు, గంపలో చేపలు పెట్టుకుని ఊరూరా అమ్మేవాళ్ళు. నేను ముట్టాను. దొంగతనంగా చాలా చేపలు పట్టాను. గాటు మాత్రం లేదు.

మా చిన్న తమ్ముడి కూతురు అక్షితకు పదేళ్ళు. పోయిన ఎండాకాలం వాళ్ళన్న వరుణ్‌కు గాటు పడింది. వాడు ఆ రోజు నుంచి ఇంట్లో మీసం లేకుండానే మీసం మెలేస్తున్నాడు. "ఆడివిల్లలకు గాటుండదు" అన్నాడట. అక్షిత ఏడవలేదు. తిన్నగా తాత దగ్గరకు పోయి అడిగింది.

"తాతా, నాకు గాటు పెడ్తవా?"

"చేప తే, పెడ్త. ఆడివిల్లవా మొగపిలగానివా అని కర్ర అడగది" అన్నాడు బాపు.

కానీ మా చెరువులో అప్పుడే చేపపిల్లలు వదిలారు. ఆరు నెలల దాకా గాలం కూడా పడకూడదని బాపే కట్టడి చేశాడు. ఆ కట్టడి మనవరాలి కోసం కూడా తెగదు. అందుకని వేరే నీళ్ళు వెతుక్కోవాల్సి వచ్చింది. పంద్రాగస్టు శుక్రవారం నాడు వచ్చింది, తర్వాత శనివారం, ఆదివారం. దుకాణానికి తాళం వేశాను. "నేను తోల్కపోత. మూడు రోజులల్ల చేపతోని వస్తం" అని ఇంటి ముందు నలుగురూ వినేటట్టు చెప్పాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పులుసులోకి చింతపండు కూడా నానబెట్టమని మరదలికి చెప్పి మరీ బయలుదేరాను.

దేవరుప్పులలో ఒక చెప్పు

బళ్ళో జెండా ఎగరేసి, మిఠాయి తిని, చొక్కాకు జెండా బిళ్ళతోనే అక్షిత బస్సెక్కింది. ఒక చేతిలో గాలం కర్ర, ఇంకో చేతిలో తాత కొలకర్ర. నా సంచిలో ఒక డబ్బా. డబ్బాలో పెంటకుప్ప కింద తవ్విన ఎర్రలు, అంటే వానపాములు. బస్సులో ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి మా ఇద్దరికీ జీరో టికెట్టు. కండక్టరమ్మ ఆధార్ చూసి, అక్షిత చేతిలో ఉన్న రెండు కర్రలు చూసింది.

"గా రెండింటికి టికెట్ కొట్టాల్నా బిడ్డా?"

"ఒకటి చేప కోసం, ఒకటి చేపను ఇడిసిపెట్టేతందుకు" అంది అక్షిత.

కండక్టరమ్మకు అర్థం కాలేదు కానీ బాగా నవ్వింది. మాకు ముందు సీటు ఇప్పించింది.

దేవరుప్పుల దాటాక వాగు మీద చిన్న చెక్ డ్యాం ఉంది. వానలకు నీళ్ళు కట్ట మీంచి మత్తడి దూకుతున్నాయి. అక్కడ బట్టలుతుకుతున్న ఒక అవ్వ మమ్మల్ని చూసి, పిల్లను ఎండకు తిప్పుతున్నానని నన్ను బాగానే తిట్టింది. తిట్టి, తన సద్దిలోంచి మక్క గట్కా, మామిడికాయ తొక్కు పెట్టింది. తిట్టినవాళ్ళే తిండి పెట్టడం మా వైపు మామూలే.

గాలానికి ఎర్ర గుచ్చడం నేర్పాను. దారానికి కట్టిన బెండు ఎలా ఊగితే చేప రుచి చూస్తున్నట్టు, ఎలా మునిగితే మింగినట్టు చెప్పాను. గంటలోపే బెండు మునిగింది. అక్షిత లాగింది. వెండిలాగా మెరుస్తూ ఒక రవ్వ పైకి వచ్చింది. పిల్ల కేక విని అవ్వ కూడా లేచి నిలబడింది. కర్ర పక్కన పెడితే జానెడే ఉంది.

అక్షిత ముఖం చిన్నబోయింది. అయినా చెయ్యి తడుపుకుని, చేపను రెండు చేతులతో పట్టుకుని నీళ్ళలో వదిలింది. పొడి చేత్తో పడితే చేప ఒంటి జిగురు పోతుందని తాత చెప్పాడట. నేనెప్పుడూ చెప్పలేదు.

రెండోసారి బెండు మునిగినప్పుడు గాలం విల్లులా వంగింది. ఇది తప్పకుండా పెద్దదే. పిల్లకు చేయి అందిద్దామని నేను ముందుకు ఉరికాను. పాచి మీద కాలు జారి నడుం లోతు నీళ్ళలో కూర్చున్నాను. ఈ గడబిడలో చేప దారం తెంపుకుని పోయింది. నా కుడికాలి చెప్పు కూడా దాని వెంటే పోయింది. అక్షిత చేప పోయిందని ఏడవాలో, నన్ను చూసి నవ్వాలో తేల్చుకోలేక రెండూ చేసింది. పాలకుర్తి బస్టాండులో నూటయాభై పెట్టి కొత్త చెప్పులు కొనేదాకా ఒంటి చెప్పుతోనే నడిచాను. దుకాణంలో పది మందికి కొలతలు తీసే మనిషిని నేను.

మహబూబాబాద్: పరకకు కర్ర లేదు

తొర్రూరు మీదుగా చీకటి పడే వేళకు మహబూబాబాద్ చేరాము. అక్కడ సలోమక్క ఉంది. మేమిద్దరం ఒకే చోట కుట్టుపని నేర్చుకున్నాము. ఇప్పుడు ఆమె చర్చి పక్క సందులో బళ్ళ యూనిఫారాలు కుడుతుంది. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఎండుచేపల కూర చేసి పెట్టింది. మా ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే చెయ్యి ఆగదు. వాళ్ళ ఇంట్లో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాకే ముద్ద ఎత్తుతారు. అక్షిత కూడా కళ్ళు మూసుకుంది. అందరూ కళ్ళు తెరిచినా ఆమె తెరవలేదు.

"ఏం మొక్కినవు బిడ్డా?" అని అడిగింది సలోమక్క.

"జానన్నర" అంది అక్షిత.

మర్నాడు పొద్దున్నే చేపల బజారుకు పోయాము. మహబూబాబాద్ అంటే మిర్చి. సందు సందులో ఆ ఘాటు ముక్కుకు తగులుతుంది. చేపల బజారులో కూడా తుమ్ముతూనే తిరిగాము. రవ్వ కిలో నూట అరవై, బొచ్చె నూట ఎనభై, బతికున్న కొర్రమట్ట, అంటే కొరమీను, నాలుగు వందల యాభై. మా జనగామలో కొర్రమట్ట ఇంకో యాభై ఎక్కువే. ఇక్కడ చేపలమ్మే ఆడవాళ్ళు బూడిద రాసి పొలుసు తీస్తారు, చేయి జారదు. మా దగ్గర ఉప్పు రాస్తారు. బూడిదే బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

నేను బేరాలు చూస్తూ ఉండగా వెనక గొడవ వినిపించింది. తిరిగి చూస్తే అక్షిత ఒక గంప ముందు కొలకర్ర పట్టుకుని నిలబడి ఉంది. గంప నిండా వేలెడు పొడుగు పరక చేపలు.

"గివన్నీ పిల్లలు! గిన్ని పిల్లలను ఎట్ల పట్టిండ్రు?" అంటోంది. కళ్ళలో నీళ్ళు, గొంతులో తాత.

గంప ముందు కూర్చున్న పెద్దావిడ కోపం తెచ్చుకోలేదు. ఒక పరకను తీసి పొట్ట నొక్కి చూపించింది. లోపల సన్నని గుడ్లు.

"గిది పిల్ల కాదు బిడ్డా, తల్లి. పరక గింతనే ఉంటది, గింతకంటే పెరగది. పరకకు కర్ర లేదు. కర్రొక్కటి పట్టుకుంటె సాలది, ఏ చేపనో తెల్వాలె."

అక్షిత చాలాసేపు ఆ గుడ్లను చూసింది. తర్వాత "తప్పయింది అవ్వా" అని చెప్పింది. ఆ అవ్వ పావుకిలో పరకలు ఊరికే పొట్లం కట్టి ఇచ్చింది. ఆమె మాటను నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. చేపల గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నాను.

పది గంటలకు సలోమక్కతో కలిసి ఊరి బయట చెరువుకు పోయాము. గాలం వేసేముందు అక్కడి సంఘం మనిషిని అడిగాము. ఎవరి చెరువైనా అడగడం మర్యాద. ఆయన కొలకర్ర చూసి ఇంకేమీ అడగలేదు, గట్టు చూపించాడు. అక్కడివాళ్ళు గాలానికి ఎర్రలు కాదు, పల్లిచెక్క కలిపిన తవుడు ముద్ద పెడతారు. మేమూ అదే పెట్టాము. మధ్యాహ్నానికి ఒక బంగారు తీగ పడింది. పసుపు రాసినట్టు మెరుస్తున్న చేప. సలోమక్క చేతులెత్తి "స్తోత్రం!" అంది.

కర్ర పక్కన పెట్టాము. మూతి నుంచి తోక కొస దాకా సరిగ్గా కర్రంత.

"అయిపాయె! పా ఇంటికి పోదాం" అన్నాను.

"అత్తా, తాత తోక చీలిక దాకనే కొలుస్తడు. కొస దాక కాదు" అంది అక్షిత.

అది నిజమే. చీలిక దాకా కొలిస్తే రెండు వేళ్ళు తక్కువ. నేను వాదించాను. తోక చేపది కాదా అన్నాను, వండేటప్పుడు తోక పారేస్తామా అన్నాను. తాత చూపు ఎలాగూ తగ్గింది అని కూడా అన్నాను. ఈ చివరి మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. అక్షిత నా మాట పూర్తయ్యేలోపే చేపను నీళ్ళలో వదిలేసింది. సలోమక్క నన్ను చూసి నోరు మూసుకోమన్నట్టు సైగ చేసింది.

భూపాలపల్లికి పోయే బస్సులో

రెండు బస్సులు మారి భూపాలపల్లి పోయాము. బస్సులో అక్షిత నా ఒడిలో తల పెట్టి పడుకుంది. పడుకునే ముందు అడిగింది.

"అత్తా, రేపు గిట్ల దొరకకపోతే?"

"దొరుకుతది. నేనున్న గద" అన్నాను.

అన్నాను కానీ లోపల పరేషాన్ మొదలైంది. మూడు రోజుల్లో రెండు అయిపోయాయి. ఇంటి ముందు అంత గొప్పగా చెప్పి వచ్చాను. వట్టి చేతులతో పోతే వరుణ్ నవ్వుతాడు. ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా తమ్ముళ్ళు నన్ను చూసి అలాగే నవ్వారు. ఈ పిల్లకు గాటు పడాలని నేను కోరుకున్నది సగం ఆమె కోసం, సగం నా కోసం. అది ఆ బస్సులోనే నాకు తెలిసింది.

భూపాలపల్లిలో మా చిన్నమ్మ కూతురు రజిత ఇంట్లో పడుకున్నాము. వాళ్ళాయన బొగ్గుబావిలో పని చేస్తాడు. అక్కడ దండెం మీద తెల్లబట్ట ఆరేస్తే ఒకసారి దులిపి మరీ తెచ్చుకోవాలి. మా దగ్గర ఎర్రమట్టి, వాళ్ళ దగ్గర నల్లదుమ్ము. ఆ ఇంటి సర్వపిండి మాత్రం మా ఇంటి దానికంటే కరకరలాడింది.

కుంకుమ రంగు

ఆదివారం తెల్లవారగానే ఊరి అవతల, అడవి అంచున ఉన్న చెరువుకు పోయాము. కాపలా ఉన్న మనిషి పేరు ఓదెలు. బాపు వయసే ఉంటుంది. చుట్ట కాలుస్తూ మమ్మల్ని కూర్చోబెట్టి మా సంగతంతా విన్నాడు.

"గాటు కోసం గింత దూరం వచ్చిండ్రా? ఏసుకోండ్రి" అన్నాడు.

రెండు గంటలు బెండు కదల్లేదు. అక్షిత ఎర్రలు మార్చింది, చోటు మార్చింది. ఇంకో గంటలో మేము బస్సెక్కాలి. అప్పుడు గట్టు పక్కన, తుంగ మొక్కల మధ్య నీళ్ళ మీద నాకొకటి కనిపించింది. తట్టంత మేర, ఎర్రగా, ఉడుకుతున్నట్టు కదులుతున్న నీళ్ళు.

చేపలు పట్టే ఇళ్ళలో పెద్దవాళ్ళకు అదేమిటో చెప్పక్కర్లేదు. కొర్రమట్ట పిల్లలు. వందల పిల్లలు ఒక్క ముద్దగా తిరుగుతాయి. వాటి కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. దాని ముందు గాలం వేస్తే చాలు, ఆకలి లేకపోయినా కోపంతో కొరుకుతుంది. ఎంత చేతకానివాడికైనా పడుతుంది. అందుకే పిల్లలతో ఉన్న కొర్రమట్టను పట్టకూడదని మా బాపు కట్టడి. కర్ర మీద రాయని కట్టడి అది.

నాకు తెలుసు. తెలిసే అక్షిత చెయ్యి పట్టుకుని, "గిక్కడ ఎయ్యి బిడ్డా" అన్నాను.

బెండు మునగడం కాదు, మాయమైపోయింది. గాలం కర్ర కిర్రుమంది. ఈసారి నేను జారలేదు. ఇద్దరం కలిసి వెనక్కి నడుస్తూ లాగాము. నల్లగా, బలంగా, పాములాంటి తలతో కొర్రమట్ట గట్టు మీద పడింది. కొర్రమట్ట తోకకు చీలిక ఉండదు, గుండ్రంగా ఉంటుంది. కాబట్టి కొస దాకా కొలవాలి. అక్షిత కర్ర పెట్టింది. కర్ర అయిపోయాక ఇంకా నాలుగు వేళ్ళ చేప మిగిలింది.

"అత్తా! మించింది! అత్తా, మించింది!"

పిల్ల ఎగిరింది. నేనూ ఎగిరాను. ఓదెలు కూడా చుట్ట పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. తడి గోనెసంచి తెచ్చాను. అప్పుడు అక్షిత నీళ్ళ వైపు చూసింది.

ఎర్రటి ముద్ద చెదిరిపోతోంది. పిల్లలు దిక్కు తెలియక గట్టు అంచుకు వచ్చి గిలగిలా తిరుగుతున్నాయి. చుట్టూ నీళ్ళు చిటపటమంటున్నాయి. వేరే చేపలు వచ్చి వాటిని మింగుతున్నాయి.

"అత్తా, గవి ఏంది?"

పురుగులు అని చెప్పొచ్చు. పాచి అని చెప్పొచ్చు. పిల్ల నమ్ముతుంది కూడా. నేను చెబితే ఏదైనా నమ్ముతుంది. ఆ మాట గుర్తొచ్చే అబద్ధం నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"దీని పిల్లలు బిడ్డా" అన్నాను.

"పరకలు తింటున్నయి గద! ఇది లేకుంటె అన్ని తింటయి గద!"

"ఊఁ."

ఓదెలు నచ్చజెప్పబోయాడు. "కర్రకు మించింది గద బిడ్డా, నీ కట్టడి తప్పలె. పట్టుకపో. లేకుంటె దీన్ని ఇడిసి, నా వలల ఒక రవ్వ ఉన్నది, గది పట్టుకపో. తాతకు ఏం తెలుస్తది?"

"గది నా గాలానికి పడలె" అంది అక్షిత. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి కానీ చేతులు ఆగలేదు. చేతులు తడుపుకుని నా వైపు చూసింది. "ముల్లు తియ్యి అత్తా, జల్ది."

తీశాను. నా తల ప్రాణం తోకకు వచ్చింది, అంత లోతుగా దిగింది గాలం ముల్లు. అక్షిత చేపను ఎత్తి ఆ ఎర్ర ముద్ద పక్కనే వదిలింది. ఒక్క క్షణం అది కదలకుండా ఉండిపోయింది. తర్వాత తోక కొట్టి కిందికి పోయింది. చిటపటలు ఆగిపోయాయి. కాసేపటికి ఎర్ర ముద్ద మళ్ళీ దగ్గరయ్యింది, కానీ ముందున్నంత పెద్దగా లేదు.

ఓదెలు చాయ్ కాచి ఇచ్చాడు. అక్షితకు రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేశాడు.

మళ్ళీ లింగాల ఘనపూర్

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాము. వాకిట్లో అందరూ ఉన్నారు. చింతపండు మూడు రోజులుగా నానుతోందని మరదలు ఎత్తిపొడిచింది. వరుణ్ మా సంచిలోకి తొంగి చూశాడు.

"ఏదే చేప?"

"దొరికింది. కర్ర కంటే నాలుగు వేళ్ళు పెద్దది, కొర్రమట్ట. పిల్లలున్నయని ఇడిసిపెట్టిన" అంది అక్షిత.

వాడు పగలబడి నవ్వాడు. "ఇడిసిపెట్టిన చేప ఎంత పెద్దగనన్న ఉంటది!"

మంచం మీద కూర్చున్న బాపు నవ్వలేదు. మనవరాలిని దగ్గరకు పిలిచాడు. నేను సాక్ష్యం చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు.

"బిడ్డా, గా పిల్లలు ఏ రంగుల ఉండె?"

"ఎర్రగ తాతా. కుంకుమ లెక్క."

"నల్లటి చేపకు ఎర్ర పిల్లలా?" అని వరుణ్ ఇంకా గట్టిగా నవ్వాడు.

"చూడనోడు నల్లగ అంటడు" అని బాపు కత్తి తెమ్మన్నాడు. కొలకర్రను ఒడిలో పెట్టుకుని, చూపు ఆనక వేలితో తడుముకుంటూ ఆరో గాటు దాటాక ఆగాడు. ఏడో గాటు పెట్టాడు. వరుణ్ నవ్వు అక్కడే ఆగింది. అక్షిత ఆ గాటు మీద వేలు పెట్టి తియ్యనే లేదు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సంతోషంలో ఉన్నప్పుడే బాపు నా వైపు తిరిగాడు.

"సరోజనా, పిల్లకు కొర్రమట్ట గూడు ఏం తెలుసు? గాలం గాడ ఎవలెయ్యమన్నరు?"

జనగామలో నాకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. బాపు ముందు మాత్రం నేల చూశాను. "నేనే బాపు" అన్నాను.

"నువ్వు ఎర్ర పిల్లలను చూసి గాలమేయించినవు. గామె ఎర్ర పిల్లలను చూసి చేపనిడిసింది" అన్నాడు. కర్రను తీసి అక్షిత చేతిలో పెట్టాడు.

నానబెట్టిన చింతపండుతో ఆ పూట వంకాయ పులుసు చేసుకున్నాము. తింటూ ఉండగా అక్షిత నా పక్కకు జరిగి, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"అత్తా, రంది పడకు. దసరా సెలవులల్ల నిన్ను నేను తోల్కపోత. నీకు గుడ గాటు తెద్దాం."

సరేనని తలూపాను. నలభై మూడేళ్ళ వయసులో నా గాలం ఎక్కడ వెయ్యాలో ఈసారి తనే చెబుతుందట.